బస్సు పాటలో రెండు జతల చేతులు

పిస్కాటవే, న్యూజెర్సీ
ఫిబ్రవరి 2

చిరంజీవి భానుకి వదిన ఆశీస్సులు.

ఫోన్‌లో నేను ఒకటి చెబితే నువ్వు ఇంకొకటి విని, దానికి మూడో జవాబు ఇస్తున్నావు. ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని నువ్వే అన్నావు కాబట్టి మొదలుపెడుతున్నాను. నా దస్తూరీ చూసి నవ్వకు. నీకు చెవులు పోతున్నట్టే నాకు వేళ్ళు పోతున్నాయి, మధ్య వేలు వంగడమే మానేసింది.

వేద కాలేజీ రేడియోలో శనివారం మధ్యాహ్నం గంటసేపు పాత పాటలు వేస్తుందని చెప్పానుగా. అరవైల, డెబ్భైల రాక్ పాటలు, సోల్ పాటలు. వేసే ముందు ఒక్కోదాని వెనక కథ చెబుతుంది. ఎవరు ఎవరి మీద అలిగి రాశారు, ఏ గిటారు తీగ తెగితే ఆ వింత చప్పుడు వచ్చింది, ఇలాంటివి. వాటిలో సగం నాకు ఒకేలా వినిపిస్తాయని దానికి చెప్పను. మనవరాలి గొంతు కోసం వంటింట్లో రేడియో పెట్టుకుని కూరలు తరుగుతూ వింటాను.

నిన్న వంకాయలు తరుగుతున్నాను. "తర్వాతి పాట నెవార్క్‌లో 1973లో రికార్డు చేసింది, పాడినది లొరెయిన్ టాలీ" అంది. కత్తి ఆగిపోయింది. "ట్వెంటీఫైవ్ ఈజ్ లేట్." భానూ, యాభై రెండేళ్ళ తర్వాత మన కింది వాటా లొరెయిన్ నా వంటింట్లో పాడింది. ఆ గొంతు వెనక నా చప్పట్లు.

యాభై రెండేళ్ళుగా మనిద్దరం దీని గురించి ఒక్క మాటయినా అనుకోలేదు. ఇవాళ రాసుకుంటే కానీ నా గుండె నెమ్మదించదు, ఓపిగ్గా చదువు. మీ అన్నయ్య నెవార్క్ ఆస్పత్రిలో రెసిడెంటు డాక్టరు. లొరెయిన్ అదే ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. ఆయన డ్యూటీకి పోతే, నువ్వు కాలేజీకి పోతే, ఆ ఊళ్ళో నాకు మాట్లాడటానికి ఆవిడ ఒక్కతే దిక్కు. నేను వంటింట్లో పాడుకుంటుంటే మెట్ల మీద కూర్చుని వినేది. ఇరవై అయిదో నంబరు బస్సు ఎక్కడం నేర్పింది. ఆ బస్సు ఎప్పుడూ సమయానికి రాదని ఆవిడ కట్టిన పాటే ఇది. రికార్డు చేసే రోజున చప్పట్లు కొట్టాల్సిన చర్చి స్నేహితులు మంచు వల్ల రాలేకపోతే, పైవాటాలో ఉన్న మనిద్దరినీ కోట్లు తొడిగించి తీసుకెళ్ళింది.

నేను కళ్ళు మూసుకుని ఏం చేశానో నీకు తెలుసు. చప్పట్లు కొట్టమంటే ఆదితాళం వేశాను. ఒక దెబ్బ, మూడు వేళ్ళు ఎంచడం, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం. వాళ్ళకి రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ చప్పట్లు కావాలి. సరిగ్గా అక్కడల్లా నేను నోరుమూసుకుని వేళ్ళు ఎంచుతున్నాను. పాట అయ్యాక ఆ ఇంజినీరు తల పట్టుకున్నాడు. గొంతూ చప్పట్లూ ఒకే ట్రాక్ మీద కలిసి పడ్డాయి, విడదీయడం కుదరదన్నాడు. అప్పటికి మన గంట అయిపోయింది, బయట వేరేవాళ్ళు వాయిద్యాలతో నిలబడి ఉన్నారు. ఇంటికి వచ్చే దారంతా లొరెయిన్ కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రికార్డు ఆడలేదు. ఆవిడ ఇంకో పాట పాడలేదు. ఆ రెండూ నా వల్లేనని నాకు తెలుసు.

ఇప్పుడు ఆ పాట పాత రికార్డులు పోగుచేసే వాళ్ళకి మహా ముద్దట. వేద రేడియోలో చెప్పింది: చప్పట్లు కొట్టినవాళ్ళు తాగి ఉన్నారని కొందరు, ఇంజినీరు టేపు తప్పు చోట కత్తిరించాడని ఇంకొందరు వాదించుకుంటారట. సాయంత్రం ఇంటికొచ్చి, "నానమ్మా, చప్పట్లు టోటల్లీ రాంగ్ ప్లేస్‌లో ఉంది కదా? బట్ ఐ లవ్ ఇట్" అంది. వంకాయ కూరలో ఉప్పు మళ్ళీ వేశాను.

అసలు సంగతి ఇది. లొరెయిన్ నెవార్క్ పక్కనే, ఈస్ట్ ఆరెంజ్‌లో ఉంది, ఎనభై మూడేళ్ళు. ఏప్రిల్ 12న స్టూడియోకి వస్తోంది. వేద ఇంటర్వ్యూ చేస్తుంది. "నువ్వు కూడా నెవార్క్‌లో ఉన్నావ్ కదా, రా నానమ్మా" అంటోంది. ఆ చేతులు నావేనని దానికి ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యను?

నీ వదిన
రాధారాణి


బాతెల్, వాషింగ్టన్
ఫిబ్రవరి 11

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ దస్తూరీ బాగానే ఉంది, నీ మనసే బాగాలేదు.

ముందు నా గోల విను. కొత్త హియరింగ్ ఎయిడ్స్ వచ్చాయి. డాక్టరు ఎంతో ప్రేమగా పెట్టింది. ఇప్పుడు నాకు ఫ్రిజ్ చప్పుడు, పేపరు తిప్పిన చప్పుడు, పక్కింటివాళ్ళ కుక్క గోళ్ళ చప్పుడు వినిపిస్తున్నాయి. మనుషులు మాత్రం వినిపించడం లేదు. మా అమ్మాయి శ్రీలేఖ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, ఇప్పుడు తనే మందులు మింగుతోంది.

ఇక నీ సంగతి. వెళ్ళకు వదినా. ఎనభై మూడేళ్ళ మనిషికి ఎప్పుడో మంచు కురిసిన ఒక మధ్యాహ్నం ఏం గుర్తుంటుంది? ఆ ఆకుపచ్చ లేబుల్ రికార్డు మీద ఎవరెవరు ఏమనుకుంటే నీకేం? నువ్వు వెళ్ళి "నేనే, నేనే" అని చెబితే అందరి ముందూ వేద మొహం ఎలా ఉంటుందో ఆలోచించు. ఆ రోజు జలుబు చేసిందని చెప్పి పడుకో. ఏప్రిల్‌లో జలుబు చెయ్యడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఆ పాట చెడిందంటే నువ్వొక్కదానివే కాదు కారణం. నేనూ పక్కనే ఉన్నాను కదా.

ఇక్కడ వాన. పోయిన నెల కూడా వానే.

నీ
భాను


పిస్కాటవే
ఫిబ్రవరి 23

భానుకి,

హియరింగ్ ఎయిడ్స్ గురించి చదివి నవ్వాను. తర్వాత రెండో పేజీకి వచ్చి నవ్వు ఆపేశాను.

ఆ రికార్డు నేను కళ్ళతో చూడలేదు. అది బయటికి రాకముందే మీ అన్నయ్యకి ఒహాయోలో పని దొరికింది. సామాను సర్దుకుంటున్న వారంలో లొరెయిన్ అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే నేను బాత్రూములో దాక్కునేదాన్ని. సిగ్గుతో కనీసం వెళ్తున్నామని చెప్పకుండా ఊరు వదిలి వచ్చాను. మొన్న వేద స్టూడియోలో వేసింది కూడా కంప్యూటర్‌లోంచి. లేబుల్ ఆకుపచ్చగా ఉంటుందని నీకెలా తెలుసు?

నన్ను వెళ్ళొద్దంటున్నావు. నీకొక మాట చెబుతాను, ఇది మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఆ రోజు తర్వాత నేను నలుగురిలో తాళం వెయ్యలేదు. గుళ్ళో భజన జరుగుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. నా సొంత కొడుకు నీరజ్ పెళ్ళిలో ఆడవాళ్ళందరూ మంగళహారతి పాడి చప్పట్లు కొడుతుంటే, నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా పాడమంటే గొంతు బాగాలేదంటాను. గొంతుకేం, బాగానే ఉంది. నా చేతులు పడితే ఎవరి బతుకో పాడవుతుందని భయం. పిచ్చి భయమేనని తెలుసు. తెలిసీ యాభై రెండేళ్ళు మోశాను.

నాకు డెబ్భై ఆరు. ఆవిడకి ఎనభై మూడు. క్షమించమని అడగడానికి ఇంకెంత కాలం పెట్టుకుందాం? ఏప్రిల్ 12న వెళ్తున్నాను. వేదకి చెప్పేశాను కూడా. అది నోరు తెరుచుకుని, "వెయిట్, నానమ్మా, అది నీ చేతులా?" అని నా రెండు చేతులూ పట్టుకుని చూసింది, అవేవో మ్యూజియంలోవి అయినట్టు.

లేబుల్ రంగు సంగతి రాయి.

రాధ


బాతెల్
మార్చి 6

వదినా,

ఈ ఉత్తరంతోపాటు ఒక పార్సెల్ వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత విప్పు.

అందులో ఉన్నది ఆ రికార్డు. ఆకుపచ్చ లేబుల్. మనం నెవార్క్ ఖాళీ చేసిన రోజున లొరెయిన్ తలుపు కొట్టింది. నువ్వు బాత్రూములో ఉన్నావు. అన్నయ్య కింద ట్రక్కు దగ్గర ఉన్నాడు. నేను తలుపు తీశాను. ఆవిడ ఈ రికార్డు నా చేతిలో పెట్టి, "ఇది రాధకి. మర్చిపోకుండా ఇవ్వు" అంది. కవరు మీద ఇంకుతో ఏదో రాసి ఉంది. నేను చదివాను. "రాధా, నువ్వు ఎలా లెక్కపెట్టావో నాకు చెప్పు" అని, కింద ఫోన్ నంబరు.

అమెరికా వచ్చి ఏడు నెలలు అప్పటికి. నాకు ఇరవై ఏళ్ళు. ఆ మాట ఎత్తిపొడుపులా అనిపించింది. లెక్క కూడా రాదా నీకు అని అడిగినట్టు అనిపించింది. అప్పటికే నువ్వు సరిగ్గా తినడం మానేశావు. ఇది చూపిస్తే ఇంకా కుంగిపోతావని నా సూట్‌కేసులో అడుగున పెట్టాను. ఇది నేను అందరికీ చెప్పుకోగల కారణం.

రెండోది చెప్పుకోలేనిది. వదినా, ఆ రోజు నాకు సరైన చప్పట్లు తెలుసు. మా కాలేజీ కెఫెటేరియాలో రేడియో రోజంతా మోగేది, పక్కనున్న పిల్లలు ఎక్కడ కొడతారో నాకు అలవాటయింది. మొదటి రెండు చప్పట్లు నేను సరిగ్గానే కొట్టాను. అంతలో నీ చెయ్యి చూశాను. నువ్వు కళ్ళు మూసుకుని ఆదితాళం వేస్తున్నావు. రాజమండ్రిలో నాకు సంగీతం చెప్పింది నువ్వు. పాఠం చెప్పే మనిషి చెయ్యి ఎలా పోతే మన చెయ్యి అలా పోవాలి, తేడా వస్తే మోకాలి మీద దెబ్బ పడేది, గుర్తుందా. నిన్ను తట్టి ఆపాల్సింది. ఆపకుండా నీ వెంట వచ్చేశాను. నువ్వొక్కదానివే అయితే మైకులో చిన్నగా వినిపించి ఉండేదేమో. ఇద్దరం కలిసి కొట్టేసరికి ఎవరూ దాచలేనంత గట్టిగా వినిపించింది.

తర్వాత ఇంట్లో నువ్వు "నేనే పాడుచేశాను భానూ" అని ఏడుస్తుంటే, నాకు తెలిసి కూడా కొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. నేను మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. నువ్వూ లొరెయిన్ మాట్లాడుకుంటే అది బయటపడుతుందని భయపడ్డాను. మొదటి ఏడాది చెప్పలేకపోయాను. పదేళ్ళయ్యాక చెబితే ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటావని చెప్పలేదు. యాభై ఏళ్ళయ్యాక ఏమని చెప్పను?

నువ్వు గుళ్ళో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటావని నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్నని రాయాలని ఉంది. చెప్పేదాన్నో లేదో నిజంగా నాకు తెలియదు.

భానుమతి


పిస్కాటవే
మార్చి 14

శ్రీమతి భానుమతి గారికి,

మీరు పంపిన పార్సెల్ అందింది. రికార్డు పగలలేదు.

ఆవిడ నంబరుకి ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు లేదు.

రాధారాణి


బాతెల్
మార్చి 22

వదినా,

మీరు అని రాశావు. నువ్వు నన్ను అలా పిలవడం ఇదే మొదలు. సరే, పడతాను.

ఏప్రిల్ 12న ఏం జరిగినా రాయి. ఆవిడ నిన్ను తిడితే, ఆ తిట్లన్నీ పూసగుచ్చినట్టు రాసి పంపు. సగం నావి, ఉంచుకుంటాను.

భాను


పిస్కాటవే
ఏప్రిల్ 28

భానూ,

ఇది పెద్ద ఉత్తరం. మంచినీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చో. తిట్లు లేవు. అంటే ఆవిడవి లేవు. నావి ఉన్నాయి, మధ్యమధ్యలో వస్తాయి.

ఆ రోజు నీరజ్ నన్ను స్టూడియో గుమ్మంలో దింపాడు. కంచిపట్టు చీర కట్టాను, రేడియోలో చీర కనిపించదని వేద అంటున్నా వినలేదు. రికార్డు ఒక గుడ్డసంచీలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకున్నాను. క్షమించండి అని ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకున్నాను.

లొరెయిన్ లోపలికి వచ్చింది. చేతికర్ర, ఊదారంగు టోపీ. బాగా సన్నబడింది కానీ ఆ కళ్ళు అవే. నేను లేచి నిలబడి సంచీలోంచి రికార్డు తీశాను. ఆవిడ కవరు మీద తన దస్తూరీ చూసుకుంది. తర్వాత నా మొహం చూసింది. కర్ర గోడకి ఆనించి, కుడిచేత్తో ఎడమ అరచేతిలో ఒక దెబ్బ వేసింది. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు ఎంచింది. మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం. "ఇంతేనా? ఇంకేమైనా ఉందా? యాభై ఏళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను" అంది.

నేను అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాను భానూ. వేద కంగారుపడి నీళ్ళు తెచ్చింది. మైకు అప్పటికి ఆన్ చెయ్యలేదు, దేవుడి దయ.

ఒక్కొక్కటే చెబుతాను. ఆ రోజు కారులో ఆవిడ మాట్లాడకపోవడం కోపంతో కాదు. కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, మనం చేసింది వేళ్ళతో మళ్ళీ మళ్ళీ చేసి చూసుకుంటోందట. మాట్లాడితే లెక్క పోతుందని భయపడిందట. రికార్డు ఆడకపోవడానికీ మనకీ సంబంధమే లేదు. ఆ కంపెనీవాడు ఎనిమిది నెలల్లో దుకాణం కట్టేశాడు. డిస్కులు నెవార్క్ చుట్టుపక్కల నాలుగు షాపులు దాటి పోలేదు. ఇంకో పాట ఎందుకు పాడలేదని వేద అడిగితే ఆవిడ నవ్వింది. "ఎవరు చెప్పారు పాడలేదని? ప్రతి ఆదివారం పాడాను. నలభై ఏళ్ళు చర్చి కోయిర్ నడిపాను. రికార్డు చెయ్యలేదంతే" అంది. ఇది విన్నప్పుడు నా ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. నేను పాడుచేశాననుకున్న బతుకు నిండుగా నడిచింది. నాకు తెలియలేదంతే.

ఇప్పుడు నీ సంగతి. ఇక్కడ తిడదామనుకున్నాను. ఆవిడ తిట్టనివ్వలేదు.

నువ్వు రాసింది ఆవిడకి చెప్పాను, నీకు సరైన చప్పట్లు తెలిసీ నా వెంట వచ్చావని. ఆవిడ వేదని పాట వెయ్యమంది. మొదట్లో రెండు చప్పట్లు ఒక రకంగా పడి, తర్వాత మారతాయి. నేను ఎప్పుడూ గమనించలేదు. "ఆ మొదటి రెండూ నీ మరదలివి. మూడోదాని దగ్గర నీవైపు వచ్చేసింది, వింటున్నావా?" అంది. తర్వాత ఏమందంటే, ఇది నువ్వు నిదానంగా చదువు: "నీ ఒక్కదాని చప్పట్లే అయితే తప్పనుకునేదాన్ని. పాపం ఈ అమ్మాయికి లెక్క రాదనుకుని మర్చిపోయేదాన్ని. ఇద్దరు మనుషులు ఒకేచోట కొట్టి, ఒకేచోట ఆగితే అది తప్పు కాదు. దాని వెనక ఏదో లెక్క ఉంది. ఆ రెండో చేతుల జత వల్లే నాకు తెలిసింది."

అంతే భానూ. నువ్వు ఆ రోజు నన్ను తట్టి ఆపి ఉంటే పాట మామూలు పాట అయ్యేది. ఇంజినీరు సంతోషించేవాడు. లొరెయిన్ లెక్కపెట్టుకునేది కాదు. రికార్డు దాచినందుకు నీమీద కోపం ఉంది, అది ఉంటుంది. ఏడాదికి ఒకసారి బయటికి తీసి దులిపి లోపల పెడతాను. చప్పట్లకి మాత్రం లేదు.

ఇంకా అయిపోలేదు. నిన్న ఆదివారం ఆవిడ మమ్మల్ని తన చర్చికి రమ్మంది. నేనూ వేదా వెళ్ళాం. పిల్లల కోయిర్, పాతికమంది ఉంటారు, అందరికీ తెల్ల చొక్కాలు. పాట మొదలైంది. భానూ, ఆ పాతికమంది పిల్లలూ ఆదితాళం వేశారు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. చెయ్యి తిప్పడం కూడా. వాళ్ళ అమ్మలు కొందరు వెనక బెంచీల్లో కూర్చుని, అలవాటుగా, చూడకుండానే వేస్తున్నారు. వాళ్ళూ చిన్నప్పుడు లొరెయిన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. దాన్ని వాళ్ళు "మిస్ లొరెయిన్ కౌంట్" అంటారు. అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

నా చేతులు ఒళ్ళో లేవు. ఎప్పుడు లేచాయో నేను చూసుకోలేదు. నా పక్కన ఏడేళ్ళ పిల్ల నిలబడి ఉంది, జడలకి పసుపుపచ్చ పూసలు. నా మధ్య వేలు వంగదు కదా, ఆ లెక్క దగ్గర తప్పించుకుని పోతున్నాను. ఆ పిల్ల కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని, మధ్య వేలిని తన వేళ్ళతో వంచి చూపించింది. "ఇది కూడా ఎంచాలి మేడమ్. వదిలేస్తే చప్పట్లు రాంగ్ ప్లేస్‌లో పడతాయి" అంది.

థాంక్యూ అన్నాను. మళ్ళీ మొదటినుంచి వేశాను.

జూన్‌లో వాళ్ళ చర్చి వార్షికోత్సవం. ఆ బస్సు పాట పాడతారట. రెండో జత చేతులు కావాలని లొరెయిన్ అడిగింది. చెవులు వినపడవని సాకు చెప్పకు. మా అందరి వేళ్ళూ కనపడతాయి, నా పక్కన నిలబడి నా చెయ్యి చూసి వెయ్యి, ఇది వరకు వేసినట్టే. టిక్కెట్ బుక్ చేసి తారీఖు రాయి. నీరజ్ ఎయిర్‌పోర్టుకి వస్తాడు.

నీ వదిన
రాధ